హ్యాంగర్ తలుపు తగిలిన రెక్క: ఒక ఫైబర్‌గ్లాస్ రిపేర్ కేస్ స్టడీ

విమానం లాంగ్-ఈజీ తరహాది. ముందు చిన్న రెక్క, వెనక ప్రొపెల్లర్, ఇద్దరు కూర్చునే హోమ్‌బిల్ట్. ప్లాన్స్ కొనుక్కుని ఎవరో ఏళ్ల తరబడి కట్టుకున్నది. ఇప్పుడున్న యజమాని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. పైకి ఎత్తే హ్యాంగర్ తలుపును కిందికి దించుతుంటే, విమానం ఇంకా పూర్తిగా లోపలికి వెళ్లకముందే దాని అంచు కుడి రెక్క పైభాగానికి తగిలింది. కంగారులో విమానాన్ని ముందుకు తోయడంతో అదే తలుపు రెక్క వెనక ఉన్న ఐలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చే కదిలే పలక) అంచును కూడా నొక్కేసింది.

కంటికి కనిపించింది ఇంతే: రెక్క మీద మూడు నాలుగు వేళ్ల వెడల్పున చిన్న సొట్ట, దాని మధ్యలో వెంట్రుకంత పగులు, ఐలరాన్ చివర రెండు అంగుళాల మేర నలిగిన గీత. "కాస్త పుట్టీ పెట్టి రంగేస్తే సరిపోదా సార్?" అని ఆయన అడిగారు. కారు డోరుకైతే సరిపోతుంది. ఇక్కడ ఎందుకు సరిపోదో చెప్పాలంటే ముందు ఈ రెక్క ఎలా తయారైందో చెప్పాలి.

విమాన డిజైనర్ బర్ట్ రూటాన్ 1975లో ఎగరేసిన వేరిఈజీ, 1979లో వచ్చిన లాంగ్-ఈజీ అచ్చులు అవసరం లేని పద్ధతిని ఇళ్లలో విమానాలు కట్టుకునేవాళ్లకు చేరువ చేశాయి. వేడి తీగతో పాలిస్టైరిన్ ఫోమ్‌ను రెక్క ఆకారంలో కోస్తారు. దాని మీదే గ్లాస్ క్లాత్ పరిచి ఎపాక్సీతో, అంటే గట్టిపడే జిగురు లాంటి రెసిన్‌తో, తడుపుతారు. ఫోమ్ లోపలే ఉండిపోతుంది. భారం మోసేది గ్లాస్ చర్మం. అయితే ఆ చర్మం మందం మిల్లీమీటరు కూడా ఉండదు. విమానం గాలిలో ఉన్నప్పుడు రెక్క పైవైపు చర్మం మీద నొక్కుడు బలం పడుతుంది. అంత పల్చటి చర్మం నొక్కుడు తట్టుకోవాలంటే అది ఎటూ ముడుచుకోకుండా ఫోమ్ దాన్ని అణువణువునా పట్టుకుని ఉండాలి. ఫోమ్ నలిగి చర్మం నుంచి విడిపోతే, గ్లాస్ ఒక్క దారం కూడా తెగకపోయినా ఆ చోట చర్మం ఉబ్బి ముడతపడుతుంది. కాబట్టి పగులు పొడవెంత అన్నది రెండో ప్రశ్న. చర్మానికీ ఫోమ్‌కీ పట్టు ఎంత మేర పోయింది అన్నది మొదటి ప్రశ్న.

దానికి ఖరీదైన పరికరం ఏమీ అక్కర్లేదు, ఒక నాణెం చాలు. రెక్క మీద ఆనించీ ఆనించనట్టు కొడుతూ పోతే, మంచి చోట "టక్ టక్" మని స్పష్టంగా పలుకుతుంది. విడిపోయిన చోట శబ్దం చచ్చుబడి "డబ్" మంటుంది. శబ్దం మారిన ప్రతి చోటా పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆ చుక్కలు కలిపితే దెబ్బ మ్యాప్ వస్తుంది. సందేహం వస్తే ఎడమ రెక్క మీద సరిగ్గా అదే చోట కొట్టి చూడాలి, ఎందుకంటే కింద స్పార్ (రెక్క పొడవునా వెళ్లే ప్రధాన దూలం) ఉన్న చోట, పక్కటెముకలా గట్టి భాగం ఉన్న చోట శబ్దం సహజంగానే మారుతుంది.

మ్యాప్ గీస్తే మూడు నాలుగు వేళ్ల సొట్ట కాస్తా జానెడు పొడవు మచ్చ అయింది. అది ఊహించినదే. దాని వెనక, తలుపు తగలని చోట, ఇంకో చచ్చు మచ్చ బయటపడింది. అదే ఈ కేసును మార్చింది.

రంగు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పెయింట్ రిమూవర్ ద్రావణాలు ఎపాక్సీని కూడా మెత్తబరుస్తాయి, కాబట్టి కాంపోజిట్ విమానం దగ్గరికి వాటిని రానివ్వను. చేత్తో, కర్ర బ్లాక్ మీద చుట్టిన శాండ్ పేపర్‌తో గీకడమే. తెల్ల రంగు పోయి ప్రైమర్ వచ్చింది. దాని కింద మామూలుగా ఎపాక్సీ, మైక్రోబెలూన్లు (పొడిలా ఉండే బోలు గాజు గుళికలు) కలిపిన తెల్లటి ఫిల్లర్ కనిపించాలి. మొదటి మచ్చలో అదే ఉంది. రెండో మచ్చలో మాత్రం లేత గులాబీ పుట్టీ కనిపించింది. గీకుతుంటే కారు బాడీ షాపుల్లో వచ్చే ఘాటు వాసన. పాలిస్టర్ పుట్టీ అది. దానిలోని స్టైరిన్ అనే ద్రవం పాలిస్టైరిన్ ఫోమ్‌ను కరిగించేస్తుంది. పైగా పాత ఎపాక్సీని పాలిస్టర్ సరిగా పట్టుకోదు. ఎప్పుడో ఒక చిన్న దెబ్బకు ఎవరో అది పూశారు, గ్లాస్‌లో ఉన్న సన్నటి పగులు గుండా స్టైరిన్ లోపలికి దిగి అక్కడి ఫోమ్‌ను తినేసింది. పైన పటారం, లోన లొటారం. తలుపు తగలకపోతే ఆ ఖాళీ ఇంకెన్నాళ్లు అలాగే ఎగిరేదో.

కోసే ముందు ప్లాన్స్ తెరిచి స్పార్ క్యాప్, అంటే స్పార్ అంచున ఉండే పట్టీ, ఎక్కడ వెళుతుందో టేప్ అతికించి గుర్తు పెట్టాను. దెబ్బ దానికి అరచేయి వెడల్పు దూరంలో ఆగింది. స్పార్ క్యాప్ దాకా వెళ్లి ఉంటే ఈ కథ వేరు. అది రెక్క వంగుడు భారం మోసే భాగం. దాని రిపేర్‌కు డిజైనర్ లెక్క లేకుండా నేను చెయ్యి పెట్టను.

ఇంకో అడ్డదారి గురించి కూడా చెప్పాలి. విడిపోయిన చోట చిన్న రంధ్రాలు వేసి సిరంజితో ఎపాక్సీ ఎక్కించడం చాలామందికి తెలిసిన ఉపాయమే. గ్లాస్ తెగకుండా, ఫోమ్ నలగకుండా, కట్టేటప్పుడే మిగిలిపోయిన గాలి బుడగ అయితే అది పనిచేస్తుంది. నలిగిన ఫోమ్ మీద పనిచేయదు. ఎపాక్సీ చర్మాన్ని నలిగిన ఫోమ్‌కు అతికిస్తుంది, ఆ నలిగిన ఫోమ్ దాని కింది ఫోమ్‌ను పట్టుకుని ఉండదు. కొట్టి చూస్తే శబ్దం మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. అందుకే అది ప్రమాదం.

చెడ్డ చర్మాన్ని కోసి తీశాక ఒక చిన్న ముక్కను ఇనుప రేకు మీద పెట్టి ఆరుబయట కాల్చాను. రెసిన్ కాలిపోతుంది, గ్లాస్ మిగులుతుంది. చిమటాతో ఒక్కో పొరా విడదీస్తే ఎన్ని పొరలు, ఏ క్లాత్, దారాలు ఏ దిక్కున అన్నది తేలిపోతుంది. ప్లాన్స్ ఉన్నా సరే ఈ పరీక్ష చేస్తాను, ఎందుకంటే కట్టినవాళ్లు ప్లాన్స్‌నే పాటించారని నమ్మకం లేదు. ఇక్కడ మూడు పొరల యూఎన్‌డీ వచ్చింది, అంటే దారాలన్నీ దాదాపు ఒకే దిక్కున ఉండే క్లాత్. చదరపు మీటరుకు సుమారు 240 గ్రాముల రకం. రెండు పొరలు ఒకదానికొకటి అడ్డంగా వాలుగా, పైపొర రెక్క పొడవునా. వాలుగా ఉన్నవి రెక్క మెలిపడకుండా ఆపుతాయి, పొడవునా ఉన్నది వంగుడుకు సాయపడుతుంది. ముక్క కోసే ముందే దాని మీద ముందు వైపు ఎటో బాణం గీసి పెట్టుకోవాలి. కాల్చాక దిక్కు ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ యజమాని రెండో సలహా ఇచ్చారు. మొదట పుట్టీ చాలన్న ఆయనే లోపలి గుంత చూశాక భయపడి, "మూడు పొరలు తీస్తే అయిదు వేయండి, గట్టిగా ఉండాలి" అన్నారు. ఆ భయం నాకు అర్థమైంది. కానీ ఒప్పుకోలేదు. చుట్టూ ఉన్న చర్మం కన్నా మాసిక బిగుసుగా ఉంటే భారం ఆ బిగుసు ముక్క వైపే పరుగెత్తుతుంది, మాసిక అంచు దగ్గర పాత చర్మం మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈసారి విరిగేది అక్కడే. దానికి తోడు బరువు. రిపేర్ అసలు దానికి సమానంగా ఉండాలి. తక్కువైతే ఎంత చేటో, ఎక్కువైనా దాదాపు అంతే.

గుంతలోంచి గులాబీ పుట్టీ, కరిగిన ఫోమ్ అంచు, నలిగిన ఫోమ్ అంతా తీసేశాక మంచి ఫోమ్ తగిలింది. రెండు మచ్చలూ కలిసి సుమారు 22 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు రంధ్రం అయింది. చూసి గుండె కొంచెం ఆగుతుంది, నిజమే. మూలలు గుండ్రంగా ఉంచాను, పదును మూలల దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది. ఈ దశలో ఎసిటోన్ డబ్బాను గది అవతలికి పంపేయాలి. తుడుద్దామని గుడ్డ తడిపితే ఫోమ్ కళ్ల ముందే కుంచించుకుపోతుంది. ఎండ కూడా తగలకూడదు. అల్ట్రావయొలెట్ పడితే ఫోమ్ పైపొర పొడిపొడిగా మారి దేన్నీ పట్టుకోదు.

కొత్త ఫోమ్ అదే రకం, అదే సాంద్రత, ఘనపు మీటరుకు సుమారు 32 కిలోల నీలి ఫోమ్. గుంతకు సరిపడా చెక్కి, అంచులకు పల్చగా మైక్రో, అంటే ఎపాక్సీలో గ్లాస్ మైక్రోబెలూన్లు కలిపిన ముద్ద, రాసి కూర్చోబెట్టాను. గుంత సరిగ్గా చెక్కే ఓపిక లేక ఖాళీలన్నీ మైక్రోతో నింపేవాళ్లున్నారు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మందపాటి ముద్ద చుట్టూ ఫోమ్ ఉంటే ఆ వేడికి బయటికి దారి ఉండదు, లోపల ఫోమ్ కరిగి ఇంకో ఖాళీ తయారవుతుంది. ముక్క గట్టిపడ్డాక పొడవాటి బ్లాక్‌తో రెక్క వంపుకు శాండ్ చేశాను. చర్మం మందం మేర, అంటే దాదాపు 0.7 మిల్లీమీటర్లు లోతుగా ఉండాలి. వంపు సరిచూడడానికి ఎడమ రెక్క మీద అదే చోట అట్ట టెంప్లేట్ కోసి, తిరగేసి కుడి రెక్క మీద పెట్టాను.

ఇదే దెబ్బ ముందున్న చిన్న రెక్కకు తగిలి ఉంటే వంపు విషయంలో ఇంకా పట్టుగా ఉండాల్సి వచ్చేది. ఈ విమానాల తొలి కెనార్డ్ (ఆ ముందు చిన్న రెక్క) ఆకారం వాన చినుకులకే లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, కోల్పోయేది, ముక్కు కిందికి లాగేది. ఆ తర్వాత జాన్ రాంజ్ డిజైన్ చేసిన కొత్త ఆకారం వచ్చింది. నీటి చుక్కలకే అంత తేడా చూపే చోట ఎత్తుపల్లాల మాసిక పెట్టి ఎగరమనలేం.

అసలు పని ఇప్పుడు మొదలైంది. పాత చర్మం అంచును రంధ్రం చుట్టూ పల్చగా, ఏటవాలుగా గీకాలి. దీన్నే స్కార్ఫ్ అంటాం. నేను పాటించే కొలత పొరకు 25 మిల్లీమీటర్లు. మూడు పొరలకు చుట్టూ 75 మిల్లీమీటర్లు. పని సరిగ్గా నడుస్తుంటే చెట్టు మొద్దు కోసినప్పుడు కనిపించే వలయాల్లా ఒక్కో పొర అంచూ ఒక్కో వలయంగా బయటపడుతుంది. వలయాల మధ్య దూరం సమానంగా ఉంటే ఏటవాలు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడైనా రెండు వలయాలు దగ్గరికి వస్తే అక్కడ నిటారుగా గీకేశామని అర్థం. పొర మందం పావు మిల్లీమీటరు కన్నా తక్కువ. పవర్ శాండర్‌తో ఆ లోతు అదుపులో ఉండదు. 80 నంబరు పేపర్, గట్టి బ్లాక్, చెయ్యి. రెండు పూటలు పట్టినా పర్వాలేదు, మొత్తం రిపేర్ బలం ఈ అతుకులోనే ఉంది. పాత ఎపాక్సీతో కొత్త ఎపాక్సీ రసాయనికంగా కలిసిపోదు, గీకిన గరుకుదనాన్ని పట్టుకునే నిలబడుతుంది. మెరుపు మిగిలిన ప్రతి చోటా అతుకు లేనట్టే. గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందుకే మంచి మాస్క్, పక్కనే వాక్యూమ్. చేతికి నైట్రైల్ గ్లవ్స్. ఎపాక్సీ అలర్జీ ఒకసారి మొదలైతే ఈ పనే మానుకోవాల్సి వస్తుంది.

రెసిన్ లెక్క. చిన్న పొర 27 గుణించు 17, మధ్యది 32 గుణించు 22, పెద్దది 37 గుణించు 27 సెంటీమీటర్లు. మూడూ కలిపి 0.22 చదరపు మీటర్లకు కాస్త అటూ ఇటూ, అంటే 52 గ్రాముల గ్లాస్. మంచి చేతి లేఅప్‌లో (చేత్తో పొరలు పరిచి తడిపే పనిలో) మొత్తం బరువులో రెసిన్ 35 నుంచి 40 శాతం ఉండాలి. అంటే 28 నుంచి 35 గ్రాములు. బ్రష్‌కు, కప్పుకు, స్క్వీజీకి (రెసిన్‌ను లాగి పరిచే పలకకు) పోయేది కలుపుకుని దాదాపు 50 గ్రాములు కలిపాను. నేను వాడింది ఎంజీఎస్ ఎల్285 అనే ఎపాక్సీ, బరువులో 100 పాళ్ల రెసిన్‌కు 40 పాళ్ల హార్డెనర్. ఇంత చిన్న మోతాదులో గ్రాము తేడా కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి పదో వంతు గ్రాము చూపే కాటా కావాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్న అపోహ పాలిస్టర్ రోజుల నుంచి వచ్చింది. ఎపాక్సీలో అలా చేస్తే ఎప్పటికీ సరిగా గట్టిపడని రెసిన్ మిగులుతుంది.

కొత్త ఫోమ్ మీద పల్చటి మైక్రో స్లర్రీ స్క్వీజీతో లాగాను. ఫోమ్ గుంతల్లోకి రెసిన్ తాగకుండా అది ఆపుతుంది. స్కార్ఫ్ మీద మాత్రం ఒట్టి ఎపాక్సీ. మైక్రో గ్లాస్ అతుకులోకి వస్తే ఆ అతుకు బలహీనమవుతుంది. తొందరలో స్క్వీజీ అటూ ఇటూ పోతుంది కాబట్టి మైక్రో పూసేటప్పుడు స్కార్ఫ్ మీద ప్లాస్టిక్ టేప్ వేసి, తర్వాత పీకేశాను.

చిన్న పొర ముందా, పెద్ద పొర ముందా అన్న వాదన ఈ పనిలో ఉన్నవాళ్ల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పెద్దది ముందు వేస్తే తర్వాత శాండింగ్‌లో దాని దారాలు తెగవు. చిన్నది ముందు వేస్తే ప్రతి కొత్త పొర దాని జత పాత పొర మీదే కూర్చుంటుంది. దారాల దిక్కు ముఖ్యమైన ఇలాంటి చర్మంలో నేను రెండో పక్షం. అంచు మీద తర్వాత పేపర్ పెట్టనని ఒట్టేసుకుంటే చాలు. చివర పీల్ ప్లై, అంటే గట్టిపడ్డాక ఒలిచేసే బట్ట, వేసి నొక్కాను. అది అదనపు రెసిన్‌ను పీల్చుకుంటుంది, అంచులను అణిచి ఉంచుతుంది, ఎపాక్సీ పైన తేలే మైనం లాంటి పొరను కూడా తనతో తీసుకుపోతుంది.

గదిని వెచ్చగా ఉంచి గట్టిపడనిచ్చాక పీల్ ప్లై తీశాను. ఫిల్లర్ పూసే ముందే చూడాల్సినవి చూడాలి, పూశాక ఏదీ కనిపించదు. తడిసిన గ్లాస్ పారదర్శకంగా ఉంటుంది. ఏటవాలుగా టార్చ్ వేస్తే గాలి బుడగ, పొడిగా మిగిలిన దారం తెల్లగా మెరుస్తాయి. అంచున గోరంత తెల్ల మచ్చ ఒకటి కనిపించింది, అతుకు మీద కాదు, ఫోమ్ మీద. నాణెంతో శబ్దం బాగానే ఉంది. లాగ్‌లో గుర్తు గీసి వదిలేశాను.

తర్వాత పోస్ట్ క్యూర్. గది వేడిలో గట్టిపడిన చాలా ఎపాక్సీలు 60 డిగ్రీల పరిసరాల్లోనే మెత్తబడడం మొదలుపెడతాయి. మెల్లగా వేడి చేసి కొన్ని గంటలు ఉంచితే ఆ హద్దు పైకి జరుగుతుంది. కానీ కింద ఉన్న ఫోమ్ 74 డిగ్రీల మీద నిలబడదు. దుప్పట్లతో గుడారం కట్టి, హీటర్ గాలిని నేరుగా తగలకుండా తిప్పి, చర్మం మీద మూడు చోట్ల థర్మామీటర్లు అతికించి 50 నుంచి 55 మధ్య ఉంచాను. హీట్ ల్యాంప్ వాడను, ఒకచోట కాల్చి ఇంకోచోట చల్లగా వదులుతుంది.

ఐలరాన్ పని చిన్నది, టెన్షన్ ఎక్కువ. నలిగిన వెనక అంచు కోసి, ఏటవాలు చేసి, అసలు ఉన్నన్ని పొరలే వేశాను. అక్కడ అసలు శత్రువు బరువు. హింజ్‌కు (అది తిరిగే కీలుకు) వెనక చేరిన ప్రతి గ్రామూ ఐలరాన్‌ను ఫ్లట్టర్ వైపు, అంటే గాలి వేగానికి అది తనంత తాను కొట్టుకోవడం మొదలుపెట్టే స్థితి వైపు నెడుతుంది. హింజ్‌కు 15 సెంటీమీటర్ల వెనక 20 గ్రాములు పెరిగాయనుకోండి. దాన్ని హింజ్‌కు 3 సెంటీమీటర్ల ముందు తూకం చేయాలంటే 100 గ్రాములు కావాలి. అందుకే రిపేర్‌కు ముందే ఆ ఐలరాన్ మీదున్న పాత రంగు మొత్తం గీకేశాను. ఎన్ని కోటింగులు పడ్డాయో, దాని బరువే గణనీయంగా తగ్గింది. పల్చగా కొత్త రంగు వేసి, ఆరాక, హింజ్ దగ్గర వేలాడదీసి ప్లాన్స్ చెప్పిన స్థితిలో నిలుస్తుందో లేదో చూశాను. నిలిచింది, సీసం కలపాల్సిన పని రాలేదు. ఈ పరీక్ష రంగు వేశాక చేయాలి. ముందు చేసి తర్వాత రంగు వేసేవాళ్లను చూశాను.

ఎగిరే ముందు రెండు రెక్కలనూ మళ్లీ నాణెంతో పూర్తిగా కొట్టి, మ్యాప్‌ను లాగ్‌బుక్‌లో అతికించాం. పొరల సంఖ్య, దిక్కు, రెసిన్ బ్యాచ్, పోస్ట్ క్యూర్ వేడి కూడా అందులో రాశాం. ఈ గులాబీ పుట్టీ గురించి పాత లాగ్‌లో ఒక్క అక్షరం ఉండి ఉంటే సగం పని తగ్గేది. మొదటి ఫ్లైట్ తక్కువ వేగంతో, తర్వాత అంచెలంచెలుగా పెంచుతూ. చెయ్యి వదిలితే విమానం ఏ వైపుకూ వాలలేదు, అంటే వంపు తేడా రాలేదు. కొన్ని గంటలు ఎగిరాక మళ్లీ కొట్టి చూస్తే మ్యాప్ మారలేదు.

మిగిలింది రంగు గొడవ. రెక్క మీద ఇదివరకు ముదురు ఎరుపు పట్టీ ఉండేది. దాని కింద క్లాత్ నేత ఆనవాళ్లు పైకి తేలడం శాండింగ్ మొదలుపెట్టకముందే గమనించాను. ఎండలో తెల్ల రంగు కన్నా ముదురు రంగు ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది, రెసిన్ మెత్తబడే హద్దును సులువుగా తాకుతుంది. ఈ విమానాలను తెల్లగా ఉంచమనేది అందుకే. కుడి రెక్క పూర్తిగా తెల్లగా వేశాం, ఎడమ రెక్క పట్టీ కూడా తీసేయమన్నాను. పెయింట్ బదులు ఎరుపు స్టిక్కర్ అతికిస్తే పర్లేదా అని అడిగారు. ముదురు స్టిక్కర్ కూడా అంతే వేడెక్కుతుందని చెప్పాను. చివరికి రిజిస్ట్రేషన్ అక్షరాల వరకే ముదురు రంగు ఉంచుకున్నారు, అవీ రెక్క మీద కాకుండా ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) పక్కన.